రాత్రి పడక ఎక్కడ?

కంభంలో చేసిన స్మారక ఉపన్యాస పాఠం



మన బడి మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు, దేని మీద మాట్లాడమంటారని నిర్వాహకుల్ని అడిగాను. "మీరు ఉద్యోగంలో చూసింది చెప్పండి, మన వాళ్ళకు పనికొచ్చేలా చెప్పండి" అన్నారు. మునిసిపల్ ఇంజనీరుగా నా ఉద్యోగంలో ఎక్కువ కాలం మురికివాడల్లోనే గడిచింది.

మాస్టారికి హాజరుపట్టీ విషయంలో ఒక పట్టుదల ఉండేది. పంట పోయిన ఏడు పిల్లలు బడి మానేస్తే ఆయన పేరు కొట్టేసేవారు కాదు. పేరు పక్కన పెన్సిలుతో ఊరి పేరు రాసుకునేవారు: గుంటూరు, హైదరాబాదు, బెంగళూరు. బిడ్డ బడికి రాకపోయినా, ఎక్కడున్నాడో బడికి తెలియాలనేవారు. ఆ ఊళ్ళకు పోయిన పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు రాత్రిళ్ళు ఎక్కడ పడుకున్నారన్నది ఆ పట్టీలో లేదు. ఈరోజు నేను మాట్లాడబోయేది దాని గురించే.

ముందు మన చెరువు దగ్గర నుంచి మొదలుపెడతాను. కొండల నడుమ ఇరుకు చోటు చూసి గుండ్లకమ్మకు అడ్డంగా 57 అడుగుల ఎత్తు కట్ట పోశారు, విజయనగర రాజుల కాలంలో. గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ కట్టించిందని మన పెద్దలు చెబుతారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చింది. ఈ ఊళ్ళో పుట్టినవాడికి చెరువు సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. నాలుగేళ్ళు ఎండి నెర్రెలు విచ్చినా, వాన పడిన ఏడు తన జాగా తాను తీసుకుంటుంది. చెరువు కడుపులో ఇల్లు వేసుకోగూడదని మన పసిపిల్లలకు కూడా తెలుసు.

అటువంటి ఊరి మనుషులే హైదరాబాదు పోయి చెరువు శిఖం భూమిలో రేకుల గది బాడుగకు తీసుకుంటారు. మూసీ ఒడ్డున సంసారం పెడతారు. విజయవాడలో కొండకు అంటుకున్న ఇంట్లో దిగుతారు. తెలియక చేసే పని కాదది. బేల్దారి పనికి పోయేవాడు తెల్లారి ఆరు గంటలకు కూలీల అడ్డా మీద నిలబడాలి. ఏడున్నరకు చేరితే ఆ రోజు పని లేదు. కాబట్టి అడ్డాకు నడిచిపోయేంత దూరంలో ఉండాలి. అంత దగ్గరలో, కూలివాడికి అందే బాడుగలో దొరికే గది ఎక్కడుంటుంది? ఇంకెవరూ ఉండటానికి ఇష్టపడని చోట ఉంటుంది. నది గట్టు, నాలా అంచు, రాతి కొండ, మెట్లు ఒక్కటే ఉన్న నాలుగో అంతస్తు. ప్రమాదమే అక్కడ బాడుగ తగ్గిస్తుంది. వరద వచ్చేది ఏడాదికో, పదేళ్ళకో ఒకసారి. కూలి మాత్రం రోజూ కావాలి. ఈ లెక్క వేసుకున్న మనిషిని తెలివితక్కువవాడని అనడానికి నాకు నోరు రాదు.

ఎందరిది ఈ లెక్క? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మురికివాడల జనం ఆరున్నర కోట్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోటీ రెండు లక్షలు. పట్టణ జనాభాలో వీళ్ళ వాటా 36 శాతం, అన్ని రాష్ట్రాల్లోకీ మనదే ఎక్కువ. విశాఖపట్నంలో నూటికి 44 కుటుంబాలు, విజయవాడలో నూటికి 40 పైచిలుకు మురికివాడల్లోనే ఉన్నాయి. ముంబయి వాటా కంటే విశాఖ వాటా పెద్దదంటే వినేవాళ్ళు నమ్మరు, కానీ లెక్క అదే.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని నేననను. వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి, ఇరుకు పేటలు తీసేసి, గాలీ వెలుతురూ వచ్చే చిన్న ఇళ్ళు కట్టించింది. అప్పటి ఆలోచన ఒక్కటే: పాతది తీసెయ్, కొత్తది కట్టు. 1956లో కేంద్రమూ మన రాష్ట్రమూ మురికివాడల చట్టాలు చేశాయి. 1967లో హైదరాబాద్‌లో పట్టణ సామాజికాభివృద్ధి పథకం మొదలైనప్పుడు ఆలోచన మారింది. బస్తీని లేపేయకుండా ఉన్నచోటే బాగుచెయ్యి, జాగాకు పట్టా ఇయ్యి, బ్యాంకు అప్పు ఇప్పించు, ఇల్లు వాళ్ళే కట్టుకుంటారు అన్నది ఆ దారి. తర్వాత బ్రిటిష్ సాయంతో హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో సందులకు సిమెంటు, కాలవలు, కొళాయిలు, దీపాలు వచ్చాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఈ పనులు చూశాను. నా అనుభవంలో పేదల ఇళ్ళకు జరిగిన మేళ్ళలో ఇదే పెద్దది. కాలవ పడిన సందులో, రేపు తీసేస్తారన్న భయం పోయిన ఇంట్లో, అయిదేళ్ళకు మట్టిగోడ ఇటుకగోడ అయింది. ఎవరూ చెప్పకుండానే అయింది. పట్టా చేతికొచ్చినవాడు తన కూలిలోంచే ఇటుక కొంటాడు.

ఉన్నచోటే బాగుచేసే దారి బయట కూడా నడిచింది. కరాచీలో ఓరంగి అనే పెద్ద బస్తీ ఉంది. అక్తర్ హమీద్ ఖాన్ 1980లో అక్కడ ఒక పని మొదలుపెట్టారు. సందులోపలి మురుగు గొట్టం సందువాళ్ళు చందా వేసుకుని వేస్తారు, బయటి పెద్ద కాలవ ప్రభుత్వం వెయ్యాలి. ఇంజనీర్లు కొలతలూ వాటమూ మాత్రం చెప్పారు. ఒడిశా 2017లో చట్టం చేసి చిన్న పట్టణాల బస్తీలవాళ్ళకు భూమి హక్కు ఇచ్చింది. వారసులకు వస్తుంది, తాకట్టు పెట్టుకోవచ్చు, అమ్మకూడదు. మన దగ్గర కూడా ఆక్రమణల క్రమబద్ధీకరణకు జీవోలు వచ్చాయి. 2015 నాటి జీవో 296 నూరు గజాల లోపు ఉచితమంది. కాకపోతే వాటిలో "అభ్యంతరం లేని" భూమి అనే మాట ఉంటుంది. చెరువు, వాగు, నది పోరంబోకుకు అది వర్తించదు. అలా ఉండటం సరైనదే. కొన్ని చోట్ల మనిషి ఉండనే కూడదు.

ఇక్కడ ఒక తేడా మనసులో పెట్టుకోవాలి. కొన్నిచోట్ల ఇల్లు ప్రమాదం, కొన్నిచోట్ల జాగాయే ప్రమాదం. ఇల్లు బలహీనమైతే బలపరచవచ్చు, మెట్లు వెడల్పు చెయ్యవచ్చు, కరెంటు తీగ మార్చవచ్చు. జాగాయే ప్రమాదమైతే మనుషుల్ని కదిలించక తప్పదు. విజయవాడ మొగల్రాజపురంలో సున్నపుబట్టీల సెంటరు దగ్గర 2024 ఆగస్టు 31 ఉదయం కొండరాళ్ళు ఇళ్ళ మీద పడ్డాయి. ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఉన్నట్టే పోయారు. కొన్ని కొండవాలుల్లో రాతి కట్టడంతో, నీరు దిగే కాలవలతో ముప్పు తగ్గించగలం. కొన్నిచోట్ల ఏ ఇంజనీరూ పూచీపడలేడు.

అయితే కదిలించి ఎక్కడికి పంపుతున్నాం? ఆ మర్నాడే, సెప్టెంబరు 1న, బుడమేరు విజయవాడ మీద పడింది. రోజుల తరబడి నీళ్ళలో నానిన పేటల్లో సింగ్‌నగర్ ఉంది, వాంబే కాలనీ ఉంది. వాంబే అంటే వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన. 2001లో కేంద్రం మురికివాడల పేదల కోసం తెచ్చిన పథకం. అంటే ఆ కాలనీ ఎవరో ఆక్రమించుకున్న జాగా కాదు. గవర్నమెంటు చూపించిన జాగా, గవర్నమెంటు కట్టించిన ఇళ్ళు. పేదవాడు తనంతట తాను దిగిన చోటికీ, మనం దింపిన చోటికీ ఆ రోజు నీటి మట్టంలో తేడా లేదు. నేను సంతకాలు చేసిన ఫైళ్ళలో జాగా ధర చూసేవాళ్ళం, రోడ్డు ఉందా అని చూసేవాళ్ళం. యాభై ఏళ్ళలో ఇక్కడికి నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయని చుట్టుపక్కల ముసలివాళ్ళను అడిగిన ఫైలు నా చేతిలోకి ఒక్కటీ రాలేదు. అది నా తప్పు కూడా.

ఇంకోవైపు, ఊరి చివర గవర్నమెంటు ఇచ్చే సెంటు స్థలం. ముప్పులేని జాగా కావచ్చు. అడ్డాకు పోవడానికి రెండు బస్సులు మారాలి. అక్కడి ఇంటికి తాళం పెట్టి మళ్ళీ నాలా పక్కకే వచ్చి బాడుగకుంటారు. అప్పుడు మనం ఇళ్ళు అమ్ముకున్నారని, పేదలు కారని తిట్టుకుంటాం. వాళ్ళు ఇల్లు వద్దనలేదు. కూలి వదులుకోలేకపోయారు.

ఇప్పుడు హైదరాబాదు విషయానికొస్తాను. 2024 జులైలో ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. చెరువుల్లో కట్టిన కట్టడాలు పడగొట్టడం మొదలైంది. ఆ సెప్టెంబరులో మూసీ గర్భంలోని ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బి-ఎక్స్ అని గుర్తులు వేశారు. చెరువు చెరువుకే రావాలి, నది నదికే రావాలి. కంభంవాడిగా నేను ఆ పక్షమే. అయితే వరస తప్పితే మంచి పని కూడా క్రూరమవుతుంది. ముందు ఇల్లు చూపించాలి, తర్వాత కదిలించాలి, ఆ తర్వాత పడగొట్టాలి. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు, బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. 2024 నవంబరు 13న అదే కోర్టు, కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలంది. అదే తీర్పులో, రోడ్డు మీద, రైలు పట్టాల పక్కన, నది దగ్గర ఉన్న అక్రమ కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని కూడా ఉంది. అంటే అత్యంత పేదవాడు ఎక్కడ ఉంటాడో సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నోటీసు ఆగిపోతుంది.

మూసీ నుంచి కదిలిన ఇంటివాళ్ళకు డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు ఇచ్చారు. బాడుగకు ఉన్నవాళ్ళు మూటలు కట్టుకుని ఇంకో గది వెతుక్కున్నారు.

నేను ఇంత దూరం వచ్చింది ఈ మాట చెప్పడానికే. మన పథకాలన్నీ, మంచివీ చెడ్డవీ, గుడిసె ఎవరిదో వాడినే లెక్కిస్తాయి. పట్టా అతనికి, ఫ్లాటు అతనికి, పరిహారం అతనికి. ఆ గుడిసెలో వెనక గది బాడుగకు తీసుకున్నవాడు ఏ కాగితంలోనూ ఉండడు. 2011 లెక్కల్లోనే దేశంలోని పట్టణ కుటుంబాల్లో 27.5 శాతం బాడుగ ఇళ్ళలో ఉన్నాయి. వలస వచ్చినవాడు ముందు బాడుగకే దిగుతాడు. మన ఊరి నుంచి పోయేవాళ్ళు నూటికి తొంభై మంది అటువంటివాళ్ళే అంటే మీలో ఎవరూ కాదనరు.

ఒకసారి, ఏ నగరమో చెప్పను, ఒక బస్తీ సర్వేలో ఉన్నాను. ఫారంలో మొదటి గడి "ఇంటి యజమాని పేరు". ఒక గుమ్మంలో బిడ్డను చంకనేసుకుని ఒకామె నిలబడి ఉంది. మా గుమాస్తా అడిగితే, "మేము బాడుగోళ్ళం సార్, ఇంటోళ్ళు ముందరుంటారు" అంది. ఆ యాస విని, "ఏ ఊరమ్మా?" అన్నాను. "అర్ధవీడు పక్క సార్" అంది. మొహం వెలిగింది ఆమెకు. సొంత ఊరివాడు దొరికాడనుకుంది. నీళ్ళు తాగమంది. మా గుమాస్తా అప్పటికే పక్క గుమ్మానికి పోయాడు, నేనూ పోయాను. ఆ ఫారంలో బాడుగవాళ్ళ పేరు రాయడానికి గడి లేదు. మాస్టారి హాజరుపట్టీలోనూ అటువంటి గడి లేదు కదా, ఆయన పెన్సిలుతో పక్కన రాసుకున్నారు. నా జేబులో పెన్సిలు ఉంది. నేను రాయలేదు. పాతికేళ్ళు దాటింది, ఆమె మొహం ఇంకా నాకు గుర్తే.

బాడుగవాళ్ళ కంటే అడుగున ఇంకొకరున్నారు. పని జరిగే చోటే పడుకునేవాళ్ళు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. వారిలో చాలామంది మన ఉత్తరాంధ్రవాళ్ళు. ఎనిమిది రోజులు తిరక్కుండానే, జులై 6న, ఆ నగరం శివార్లలోనే గోడౌన్ ప్రహరీ వర్షానికి విరిగి పక్కన వేసుకున్న పాకల మీద పడింది. నిద్రలో ఉన్న 11 మంది తెలుగు కూలీలు చనిపోయారు. 2016 డిసెంబరులో హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో కడుతున్న భవనం కూలింది. అందులోనే కాపురముంటున్న కూలీలు, మళ్ళీ 11 మంది. 2024 మే 7న బాచుపల్లిలో రిటైనింగ్ గోడ కింద కూలీల షెడ్లు వేశారు. ఆ రోజు వానకు గోడ పడి ఏడుగురు పోయారు, అందులో నాలుగేళ్ళ పిల్లవాడు ఉన్నాడు. వాళ్ళు ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చినవాళ్ళు. మనవాళ్ళు చెన్నైకి పోయినట్టే వాళ్ళు మన దగ్గరికి వచ్చారు.

గోడ పడి జరిగిన చావుల్లో ఒక పోలిక ఉంది. గోడ పక్కన షెడ్డు వేస్తే ఒకవైపు రేకు మిగులుతుంది. మట్టి నానితే గోడ వెనక నీటి ఒత్తిడి పెరుగుతుంది. నీరు బయటకు పోవడానికి గోడకు రంధ్రాలు లేకపోతే ఒక్క వానకు వంగిపోతుంది. ఇది ఇంజనీరింగు మొదటి ఏడాది పాఠం. గోడ ఎత్తెంతో కనీసం అంత దూరంలో షెడ్డు ఉంటే ఆ పిల్లవాడు బతికేవాడు.

చట్టం లేదా అంటే ఉంది. భవన నిర్మాణ కార్మికుల 1996 నాటి చట్టం, 34వ సెక్షన్: పని జరిగినంత కాలం, పని చోట గానీ దగ్గర్లో గానీ, యజమాని ఉచితంగా వసతి చూపాలి. వంటకు వేరే చోటు, స్నానానికీ మరుగుదొడ్డికీ చోటు ఉండాలి. ఇంకొకటి, 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం. వేరే రాష్ట్రం నుంచి అయిదుగురిని తెచ్చుకున్న కాంట్రాక్టరు కూడా వాళ్ళకు తగిన నివాసం చూపాలంది. మన జిల్లావాళ్ళకు ఇందులో ఒక మలుపు ఉంది. 2014 జూన్ 2 దాకా కంభం నుంచి హైదరాబాదు పోయినవాడు సొంత రాష్ట్రంలో ఉన్నట్టు లెక్క. ఆ రోజు నుంచి అతను అంతర్రాష్ట్ర వలస కార్మికుడయ్యాడు. ఒక చట్టం కొత్తగా అతనికి వర్తించింది. ఆ సంగతి ఇక్కడి మేస్త్రీల్లో ఎంతమందికి తెలుసునని విచారించాను. ఒక్కరికీ తెలియదు. ఇప్పుడా చట్టాలు 2020 నాటి కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయాయి. పేరు మారినా అడగాల్సింది మారలేదు.

వసతి చూపడం సాధ్యమేనా అని అడిగేవాళ్ళున్నారు. 1953 క్రిస్మస్ రాత్రి హాంకాంగ్‌లో షెక్ కిప్ మే గుడిసెలు కాలి యాభై వేలమందికి పైగా వీధిన పడ్డారు. ఆ ప్రభుత్వం వాళ్ళకు సొంత ఇల్లు రాసివ్వలేదు. అంతస్తుల ఇళ్ళు కట్టి తక్కువ బాడుగకు ఇచ్చింది. ఆ బాడుగ ఇళ్ళే ఆ నగరంలో పేదవాడికి నిలువనీడ అయ్యాయి. కేరళలో 2019లో పాలక్కాడ్ జిల్లా కంజికోడ్‌లో "అప్నా ఘర్" అని వలస కూలీలకు హాస్టలు కట్టారు. ఆరువందల మందికి పైగా పడకలు, వంటశాల, బట్టలుతుక్కునే చోటు ఉన్నాయి. కరోనా లాక్‌డౌన్‌లో కూలీలు పిల్లల్ని మోసుకుంటూ రోడ్లవెంట నడిచిన తర్వాత, 2020 జులైలో కేంద్రం కూడా బాడుగ ఇళ్ళ పథకం ఒకటి తెచ్చింది. అది ఊపందుకోలేదు. సొంతింటి తాళంచెవి ఇస్తే ఫొటో ఉంటుంది, బాడుగ గదికి ఫొటో ఉండదు. కూలివాడికి మాత్రం సంక్రాంతి నుంచి వానల దాకా ఉండటానికి గది కావాలి, మళ్ళీ ఊరికి రావడానికి వీలుండాలి. నగరంలో అతను సొంతిల్లు అడగడం లేదు. అతని ఇల్లు ఇక్కడుంది.

నిప్పు గురించి కొంచెం చెప్పి ముగిస్తాను. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము పైన పడుకున్న 11 మంది బీహారు కూలీలు కాలిపోయారు. దిగడానికి ఒక సన్నని చుట్టుమెట్లు, కింద షట్టరు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం అంటుకుని నలభై మందికి పైగా భారతీయులు చనిపోతే వారిలో ముగ్గురు మన రాష్ట్రంవాళ్ళు. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే కుటుంబంలో 17 మంది. వీళ్ళు పేదలు కారు, అయినా ఒకటే ఇరుకు మెట్లదారి. రెండో దారి లేని ఇల్లు ఎవరిదైనా ప్రమాదమే. పేదవాడికి ఎంచుకునే వీలు లేదు, అంతే తేడా.

వెలిగొండ నీళ్ళు మన పొలాలకు పారే రోజు వలసలు తగ్గుతాయని నేను నమ్ముతాను. పూల సుబ్బయ్య గారి పేరున్న ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1996లో. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు సెంట్రింగ్ పనిలో ఉన్నారు. అందాకా మనవాళ్ళు రైలెక్కుతూనే ఉంటారు.

కాబట్టి సభలో ఉన్న సర్పంచులకు, సచివాలయం సిబ్బందికి, ముఖ్యంగా వెనక వరసలో కూర్చున్న మేస్త్రీలకు నా విన్నపం. పంచాయతీలో ఒక పుస్తకం పెట్టండి. ఎవరు పోతున్నారు, ఏ మేస్త్రి తీసుకుపోతున్నాడు, ఏ నగరం, ఏ పేట, ఫోను నంబరు రాయించండి. మేస్త్రి అడ్వాన్సు ఇచ్చేటప్పుడు కూలి ఎంతని అడుగుతారు కదా, అప్పుడే ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. రాత్రి మమ్మల్ని ఎక్కడ పడుకోబెడతావు? పక్కన గోడ ఉందా, ఎంత దూరం? బయటికి రావడానికి ఎన్ని దారులు? జవాబు చెప్పని మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకోకండి. ఈ పుస్తకాల్లో మొదటిది నేను కొని తెచ్చాను, ఈ బల్ల మీద ఉంది, పెన్సిలు కూడా ఉంది. సభ అయ్యాక ఈ నెలలో బయల్దేరుతున్నవాళ్ళు వచ్చి పేర్లు రాయించండి.